పధ్నాలుగేళ్ళ ఫ్రిజ్, రెండు చప్పుళ్ళు

ఫ్రిజ్ చప్పుడు చేస్తోందని ఎవరితో అన్నా ముందు అడిగేది ఒకటే: "కొని ఎన్నాళ్ళయింది?" పదేళ్ళు దాటిందని చెప్పామా, ఇంక రెండో మాట ఉండదు. "మార్చేయండి, దానిమీద ఇంకా డబ్బులు పెట్టడం ఎందుకు?" మా ఎదురింటావిడా అదే అంది, గాజువాకలో ఉండే మా వదినా అదే అంది, బెంగళూరు నుంచి ఫోన్లో మా అమ్మాయీ అదే అంది. ఆ చప్పుడు ఎలా ఉంటోంది, ఎప్పుడు వస్తోంది, ఎక్కణ్ణించి వస్తోంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం అదే. ఫ్రిజ్ వయసు కంటే దాని చప్పుడే ఎక్కువ సంగతులు చెబుతుంది, వినే ఓపిక ఉంటే.

మాది 2011లో కొన్న రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, 260 లీటర్లు. ఇల్లు విశాఖపట్నంలో, పెదవాల్తేరు వైపు. సముద్రం దగ్గర కాబట్టి గేటుకీ కిటికీ ఊచలకీ తరచూ రంగు వేయించకపోతే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అలాంటి చోట ఇన్నేళ్ళు నిలబడింది ఇది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా చీకటైపోయింది. రోజుల తరబడి కరెంటు లేక, లోపలివన్నీ తీసి పారబోసి, తలుపులు బార్లా తెరిచి వదిలేశాం. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే ఏమీ జరగనట్టే తిరిగింది. దానిమీద నాకు అభిమానం ఉన్న మాట నిజం. అయినా ఇక్కడ అభిమానం సంగతి పక్కన పెట్టి లెక్క రాస్తాను, ఎందుకంటే నిర్ణయం లెక్క మీదే తీసుకున్నాం.

మార్చి ఆఖరులో మొదలైంది. మా అత్తయ్యగారు వంటింటి పక్క గదిలో పడుకుంటారు. ఎనభై దాటిన మనిషి, నిద్ర పల్చన. "రాత్రంతా ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టుందమ్మా" అన్నారు ఒకరోజు పొద్దున్నే. ఆ రాత్రి ఇల్లు సద్దుమణిగాక వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని విన్నాను. నిజమే. గరగరమని ఒకటే రాపిడి. ఎప్పుడైనా కాసేపు ఆగుతుంది. ఆగేటప్పుడు కింది నుంచి దడ్‌మని ఒక కుదుపు, పైన పెట్టిన స్టీలు డబ్బాల మూతలు అదిరేంత.

కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. తలుపు తీశాడు, వేశాడు, వెనక్కి వంగి చూశాడు. "కంప్రెసర్ వీక్ అయిపోయింది మేడమ్. కంప్రెసర్, గ్యాస్ కలిపి తొమ్మిది వేల అయిదొందలు అవుతుంది. ఇంత పాత మోడల్‌కి పెట్టడం వేస్టు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు. వచ్చినవాడు ఆంపియర్లు కొలవలేదు, వెనక ట్రే తీయలేదు, ఫ్రీజర్ లోపలి ప్యానెల్ విప్పలేదు. చేత్తో ముట్టుకుని చూడకుండానే కంప్రెసర్ పోయిందని ఎలా తేలింది? అక్కడే నాకు మనసొప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని. ప్రయోగం చేయకుండా ఫలితం రాసిన రికార్డు మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

మా ఆయన మాత్రం ఆదివారం షోరూముకి వెళ్దామని బయల్దేరదీశారు. వెళ్ళాం, చూశాం. సరిగ్గా మాదాని సైజులో 3 స్టార్ది ఎక్స్ఛేంజ్ పోను ఇరవై ఏడు వేలు. ధర కాగితం బ్యాగులో పెట్టుకుని వచ్చేశాం.

ఇప్పుడు చప్పుళ్ళ సంగతి. ఇది కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఎవరింట్లోవాళ్ళు పది నిమిషాల్లో చేసి చూడగలిగే పరీక్షలివి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చప్పుడు చేయగలిగినవి ముఖ్యంగా రెండు చోట్ల ఉంటాయి. వెనక కింద కంప్రెసర్. లోపల, ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఒక చిన్న ఫ్యాను. మంచు కాయిల్ మీది చల్లటి గాలిని పైకీ కిందకీ తోసేది ఆ ఫ్యానే. చాలా మోడళ్ళలో తలుపు తీయగానే ఫ్యాను ఆగిపోతుంది, కంప్రెసర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తలుపు అంచున చిన్న బటన్ లాంటి స్విచ్ ఉంటుంది, దాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే తలుపు వేసి ఉందనుకుని ఫ్యాను మళ్ళీ తిరుగుతుంది. కాబట్టి గరగర వస్తున్నప్పుడు ఫ్రీజర్ తలుపు తీయాలి. చప్పుడు ఆగిందా, అది ఫ్యాను దగ్గరిది. ఆగకుండా వస్తూనే ఉందా, అది వెనకాల కంప్రెసర్ దగ్గరిది.

మా ఫ్రిజ్‌లో తలుపు తీయగానే గరగర టక్కున ఆగింది. బటన్ నొక్కితే వచ్చింది, వదిలితే పోయింది. కంప్రెసర్ తన మానాన తను సన్నగా మోగుతూనే ఉంది. అంటే రాత్రంతా అత్తయ్యగారిని లేపుతున్నది కంప్రెసర్ కాదు.

మరి దడ్‌మనే కుదుపు? అది వెనకదే. కంప్రెసర్ ఆగేటప్పుడు ఒక్కసారి ఊగుతుంది. ఆ ఊపుని మింగడానికి దాని నాలుగు కాళ్ళ కింద రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఏళ్ళ తరబడి వేడికి అవి రాయిలా గట్టిపడిపోతాయి. అప్పుడు ఊపంతా ఫ్రిజ్ బాడీకి, అక్కణ్ణించి నేలకీ పైనున్న డబ్బాలకీ పాకుతుంది. దీనితో పాటు ఇంకో రెండు చూడాలి. కంప్రెసర్ మీద కరిగిన నీళ్ళు పడే ప్లాస్టిక్ ట్రే వదులై అదురుతుందేమో, రాగి గొట్టం ఏదైనా బాడీకి గానీ ఇంకో గొట్టానికి గానీ తగులుతోందేమో. ట్రేని అరచేత్తో అదిమి పట్టుకుంటే అదురు ఆగిపోతే మందు అక్కడే దొరికినట్టు. గొట్టం తగులుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు, రాసుకుని రాసుకుని చిల్లి పడితే గ్యాస్ మొత్తం పోతుంది. గొట్టాలు వేడిగా ఉంటాయి, పక్కన కరెంటు తీగలుంటాయి, కాబట్టి ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, అప్పుడే చెయ్యి పెట్టండి.

నిజంగా భయపడాల్సిన చప్పుడు వేరే ఉంది. మ్‌మ్ అని అయిదారు సెకన్లు మూలిగి, టిక్‌మని ఆగిపోయి, కొన్ని నిమిషాలకి మళ్ళీ మూలిగి మళ్ళీ టిక్. కంప్రెసర్ స్టార్ట్ కాలేకపోతోంది, కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ దాన్ని ఆపేస్తోంది అని అర్థం. అయినా అప్పుడు కూడా ముందు చూడాల్సింది కంప్రెసర్‌ని కదిలించి మొదలుపెట్టించే స్టార్టింగ్ రిలే, ఇంట్లోకి వస్తున్న వోల్టేజీ. రిలే కొన్ని వందల రూపాయల సామాను. రిలే మార్చినా, వోల్టేజీ బాగున్నా అలాగే మూలుగుతుంటే కంప్రెసర్ బిగుసుకుపోయిందని ఒప్పుకోవాలి. ఇక లోపల బుడబుడలు వినిపించడం, ప్లాస్టిక్ చిటపటమనడం, అప్పుడప్పుడూ చుయ్‌మనడం, ఇవన్నీ కొత్త ఫ్రిజ్‌లోనూ ఉంటాయి. వాటికి ఎవర్నీ పిలవక్కర్లేదు.

ఇంకో గుర్తు నేను ముందే కనిపెట్టాను. ఫ్రీజర్లో ఐస్ రాయిలా ఉంది, కింది అరలో పెరుగు మాత్రం మర్నాటికే పులిసిపోతోంది. ఇడ్లీ పిండి కూడా అంతే, రెండో రోజుకే గిన్నె దాటి పొంగుతోంది. పైన చలి ఉంది, కిందికి గాలి దిగట్లేదు. చప్పుడూ ఇదీ కలిపి చూస్తే కారణం ఒకటే కనిపిస్తుంది. ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు పట్టదని కాదు, పట్టిన మంచుని తనే కరిగించుకుంటుందని. కొన్ని గంటలకోసారి టైమర్ కంప్రెసర్ని ఆపి, కాయిల్ కిందున్న హీటర్ని వెలిగిస్తుంది. బైమెటల్ అనే చిన్న బిళ్ళ కాయిల్ చల్లదనాన్ని బట్టి ఆ హీటర్‌కి కరెంటు వెళ్ళనిస్తుంది, కరిగాక ఆపేస్తుంది. ఈ గొలుసులో ఏ ఒక్కటి పోయినా మంచు పేరుకుని ఫ్యాను రెక్కల దాకా వస్తుంది. రెక్కలు మంచుకి రాసుకుంటాయి, అదే గరగర. గాలి దారి మూసుకుపోతుంది, అదే పులిసిన పెరుగు. కింద చల్లబడక కంప్రెసర్ ఇంచుమించు ఆగకుండా తిరుగుతుంది. కరెంటు బిల్లులో కనిపించేది అది.

దీన్ని రూఢి చేసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. సామాన్లు తీసేసి, ఫ్రిజ్ ఆపి, రాత్రంతా తలుపులు తెరిచి ఉంచాలి. కింద పాత దుప్పటి వేసుకోవాలి, నీళ్ళు బాగానే వస్తాయి. పొద్దున్న ఆన్ చేస్తే చప్పుడు పోయి, కొన్నాళ్ళకి మళ్ళీ మెల్లగా మొదలైతే జబ్బు డీఫ్రాస్ట్‌దే, అంటే ఆ మంచు కరిగించే ఏర్పాటుదే. మాకు అచ్చం అలాగే జరిగింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: తొందరపడి చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో మంచు పొడవకండి. కాయిల్ చాలా వాటిలో అల్యూమినియంది, ఇట్టే చిల్లి పడుతుంది. అయిదొందలతో పోయేది ఫ్రిజ్‌నే తినేస్తుంది.

ఇదంతా అయ్యాక మా వీధి చివర దుకాణం పెట్టుకున్న మెకానిక్‌ని పిలిచాను. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. నేను చెప్పింది మొత్తం విన్నాడు. ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూపే క్లాంప్ మీటరు తీగకి తగిలించాడు. "పాయింటు తొమ్మిది చూపిత్తంది. కంప్రెసర్ బానే ఉన్నాదమ్మా. దీనికేటీ అవలేదు" అన్నాడు. తర్వాత ప్యానెల్ విప్పి చూపించాడు. కాయిల్ కనిపించట్లేదు, అంతా ఒక తెల్లటి దిమ్మ. హీటర్‌కి మీటరు పెడితే బాగుంది. బైమెటల్ పోయింది. ఫ్యాను మోటారు బేరింగు కూడా మంచుకి తగిలి తగిలి వదులైంది. తలుపు రబ్బరు కింది మూల దగ్గర పట్టు వదిలేసింది. దాన్ని నేను అప్పటికే కాగితం పెట్టి చూసుకున్నాను. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి, అక్కడ మాత్రం జారిపోయింది. ఆ సందులోంచి వంటింటి తేమగాలి లోపలికి పోయే కొద్దీ మంచు ఇంకా ఎక్కువ కడుతుంది. విశాఖ గాలిలో తేమ గురించి చెప్పేదేముంది.

బైమెటల్, ఫ్యూజు నాలుగొందల యాభై. ఫ్యాను మోటారు ఏడొందల యాభై. బుష్‌లు రెండొందలు. తలుపు రబ్బరు పదకొండొందలు. మజూరీ ఏడొందలు. మొత్తం మూడు వేల రెండొందలు అని కాగితం మీద రాసిచ్చాడు. వెంటనే సరేననలేదు, రెండు రోజులు టైం అడిగాను. ఎందుకంటే అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. బాగవుతుంది సరే, బాగుచేయించడం లాభమా?

మా అమ్మాయి వాదన కరెంటు మీద. "పాత ఫ్రిజ్ ఎంత కాలుస్తుందో తెలుసా అమ్మా? కొత్తది కొంటే బిల్లులోనే డబ్బులు తిరిగొచ్చేస్తాయి." ఇది చాలామంది అనే మాట, షోరూములో కుర్రాడూ అన్నాడు. కొలిస్తే తప్ప తేలదు. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చిన్న మీటరు ఆన్‌లైన్లో తెప్పించాను. మీటరు కొనడం ఇష్టంలేనివాళ్ళు ఇంటి కరెంటు మీటరుతోనే చూసుకోవచ్చు. డిజిటల్ మీటరు మీద ఒక ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది, యూనిట్‌కి ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. మాది 3200. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, ఫ్రిజ్ ఒక్కటే తిరుగుతుండగా నిమిషానికి ఏడుసార్లు వెలిగితే అది సుమారు 130 వాట్లు లాగుతున్నట్టు.

మంచు దిమ్మతో ఉన్నప్పుడు మా ఫ్రిజ్ రోజుకి 2.1 యూనిట్లు తీసుకుంది. షోరూములో చూసిన కొత్తదాని లేబుల్ మీద ఏడాదికి 218 యూనిట్లు అని ఉంది, అంటే రోజుకి 0.6. లేబుల్ అంకె పరీక్ష గదిలోది. ఇంట్లో పిల్లలూ పెద్దలూ పదేపదే తలుపు తీస్తారు, వేడి గిన్నెలు పెడతారు, కాబట్టి నేను 0.8 వేసుకున్నాను. తేడా రోజుకి 1.3, ఏడాదికి దాదాపు 475 యూనిట్లు. మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే తగ్గుతాయి. మన రాష్ట్రంలో 126 నుంచి 225 వరకు యూనిట్ ఆరు రూపాయలు, 226 నుంచి 400 వరకు ఎనిమిది రూపాయల డెబ్భై అయిదు పైసలు. మాది వేసవిలో రెండొందల పాతిక దాటుతుంది. అమ్మాయికి అనుకూలంగా ఏడాదంతా 8.75 వేసినా నాలుగు వేల నూట యాభై ఆదా. ఇరవై ఏడు వేలు ఆరున్నరేళ్ళలో వచ్చేస్తాయి. ఈ లెక్క చూస్తే మా అమ్మాయి చెప్పిందే నిజం.

కానీ ఈ లెక్కలో ఒక అన్యాయం ఉంది. జబ్బు పడిన పాత ఫ్రిజ్‌ని కొత్త ఫ్రిజ్ పక్కన పెట్టి చూస్తున్నాం. నేను ఎంచుకోవాల్సింది ఆ రెంటిలోంచి కాదు. బాగుచేయించిన పాతదా, కొత్తదా అన్నది ప్రశ్న. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడేనని నా నమ్మకం. చెడిపోయి ఉన్నప్పుడు వచ్చిన బిల్లు చూపించి కొత్తది కొనిపిస్తారు. అదే ఫ్రిజ్ మూడు వేలు పెట్టాక ఎంత లాగుతుందో ఎవరూ చెప్పరు. రాత్రంతా తలుపులు తెరిచి మంచు కరిగించిన తర్వాత, మళ్ళీ పేరుకోక ముందే కొలిచాను. 1.4 యూనిట్లు వచ్చింది, అదీ రబ్బరు మూల వదులుగా ఉండగానే.

ఇప్పుడు తేడా రోజుకి 0.6. ఏడాదికి 219 యూనిట్లు. 8.75 చొప్పున వేస్తే పందొమ్మిది వందల పైచిలుకు, ఆరు రూపాయల శ్లాబులో అయితే పదమూడు వందలు. ఇరవై ఏడు వేలు తిరిగి రావడానికి తక్కువలో తక్కువ పద్నాలుగేళ్ళు. అంటే కొత్త ఫ్రిజ్ కూడా మాదాని అంత ముసలిదయ్యాక! కరెంటు ఆదా కోసం కొత్తది కొనడమన్న మాట మా ఇంట్లో అక్కడితో ఆగింది. మీ ఇంటి లెక్క వేరుగా రావచ్చు. రోజుకి రెండున్నర, మూడు యూనిట్లు లాగే పెద్ద పాత ఫ్రిజ్ బాగుచేయించాక కూడా అంతే లాగుతుంటే మార్చడమే మేలు. కొలిచి చూడండి అనే నేను చెప్పేది.

నక్షత్రాల గురించి కూడా ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ళ స్టార్ లేబుల్ పథకం 2006లో మొదలైంది, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకి 2010 నుంచి తప్పనిసరి చేశారు. కొన్నేళ్ళకోసారి ప్రమాణం కఠినం చేస్తుంటారు కాబట్టి అప్పటి నాలుగు నక్షత్రాలూ ఇప్పటి నాలుగు నక్షత్రాలూ ఒకటి కావు. నక్షత్రాలు లెక్కపెట్టకుండా లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు రాసుందో అదే చూడాలి.

నన్ను ఇటువైపు మొగ్గించిన సంగతి ఇంకోటి గ్యాస్. మాదాని వెనక పలక మీద ఆర్-134ఏ, 110 గ్రాములు అని ఉంది. ఈ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ళ లెక్కన, సుమారు 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. మా 110 గ్రాములు దాదాపు 157 కిలోలు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకి 0.7 కిలో వేసుకున్నా, అది రెండొందల ఇరవై యూనిట్లతో సమానం. కొత్త ఫ్రిజ్ ఏడాది పొడుగునా ఆదా చేసేది, పాతదాని గొట్టం ఒక్క కోతతో పోయిందన్నమాట. కోస్తారా అంటే కోస్తారు. పాత సామాన్ల కొట్లలో రాగి కోసం గొట్టం కత్తిరించి పక్కన పడేయడం నేను కళ్ళారా చూశాను. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఫ్రిజ్‌లని రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేవాళ్ళు ఇది ఎక్కడికి వెళ్తుందని దుకాణంలో ఒకసారి అడగండి. నేనడిగితే "వ్యాన్ వచ్చి పట్టుకెళ్తుంది మేడమ్" అన్నారు, అంతకు మించి చెప్పలేకపోయారు.

కొత్త ఫ్రిజ్‌లలో ఇప్పుడు ఎక్కువగా ఆర్-600ఏ వస్తోంది. వాతావరణానికి దానివల్ల హాని చాలా తక్కువ, కాకపోతే మండే గ్యాస్. రేపు మీరు కొత్తది కొన్నా, దానికి గ్యాస్ పని చేసేవాడు ఆ పని నేర్చినవాడై ఉండాలి. పలక మీద ఏది రాసుంటే అదే నింపించుకోవాలి, ఒకటి బదులు ఇంకోటి కాదు. ఆ గ్యాస్‌కి తగ్గ కంప్రెసర్, ఆయిల్ వేరు.

మా నాన్నగారింట్లో, విజయనగరంలో, అల్విన్ ఫ్రిజ్ ఉండేది. హైదరాబాద్ అల్విన్ వాళ్ళది. ఆ కంపెనీ ఫ్రిజ్‌లే కాదు, డబుల్ డెక్కర్ బస్సులూ చేతి గడియారాలూ కూడా చేసేది. ఆ రోజుల్లో కంప్రెసర్ కాలిపోతే సీలు కోసి, లోపలి వైండింగ్ మళ్ళీ చుట్టి, అతికించి పంపేవాళ్ళు. దాంట్లో ఉండేది ఆర్-12. ఓజోన్ పొరకి చేటని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ఆపేశారు. మన దేశంలో 2010 నాటికి పూర్తిగా ఆగింది. ఇప్పుడెవరింట్లోనైనా ఆర్-12 ఫ్రిజ్ ఇంకా తిరుగుతుంటే, గ్యాస్ పోయిన రోజున దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. 134ఏకి ఆ ఇబ్బంది ఇప్పట్లో లేదు. ఆ మాంట్రియల్ ఒప్పందానికే చేసిన కిగాలీ సవరణ ప్రకారం మన దేశంలో దాన్ని తగ్గించడం మొదలయ్యేది 2032 నుంచి.

బాగుచేయించడమే ఎప్పుడూ మంచిదని నేననట్లేదు. మా వదిన ఫ్రిజ్ సంగతి చూడండి. ప్రతి వేసవిలోనూ "గ్యాస్ అయిపోయింది" అని నింపించుకునేది, ఒక్కోసారికి రెండున్నర వేలు. ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు కాదు, వాడకంతో తరిగిపోదు. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందీ అంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపడమంటే డబ్బు గాల్లోకి వదలడం. చివరికి ఆవిడ ఫ్రిజ్‌కి బాడీ లీకు అని తేలింది. గొట్టం పక్కగోడ లోపల, పఫ్ (చలి బయటికి పోకుండా గోడల్లో నింపే నురగ) వెనకాల తుప్పు పట్టిపోయింది. వెనక బయట కాయిల్ పెట్టి నడిపిస్తామన్నాడు మెకానిక్, దానికీ దానితో పాటు కంప్రెసర్‌కీ కలిపి పదకొండు వేలు. అక్కడ మార్చేయడమే సరైన పని, మార్చేసింది. ఆవిడ నాకు "మార్చెయ్యి" అని చెప్పడం వెనక ఆ బాధంతా ఉంది. అందుకే ఆవిడ మాట నేను తీసిపారేయలేదు. మెకానిక్ చేత మా ఫ్రిజ్ అడుగు పలక, కంప్రెసర్ చుట్టూ గొట్టాల అతుకులు టార్చి వేసి చూపించుకున్నాను. పైపైన తుప్పు ఉంది, లోతుగా తినలేదు. పక్కగోడలకి చెమట పట్టట్లేదు, లోపలి ప్లాస్టిక్ పగల్లేదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా షోరూం కాగితం బయటికి తీసేదాన్ని.

సామాను దొరకదని కంపెనీ సర్వీసు వాళ్ళు తరచూ అంటారు. బైమెటల్, ఫ్యాను మోటారు, బుష్‌లు చాలా మోడళ్ళకి ఒకేలాంటివి సరిపోతాయి. మా మెకానిక్‌కి సాయంత్రానికల్లా డాబాగార్డెన్స్‌లో దొరికాయి. తలుపు రబ్బరు ఒక్కటే కొలతలు ఇచ్చి చేయించాల్సి వచ్చింది. కంట్రోల్ బోర్డు ఉండే ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకి మాత్రం ఈ మాట వర్తించదు. వాటి బోర్డు ఖరీదు, దొరకడమూ కష్టమే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, కొన్ని కంపెనీల మాన్యువళ్ళూ సర్వీసు వివరాలూ అందులో ఉంటాయి. కొత్తది కొనేవాళ్ళు కొనే ముందే చూసుకుంటే మంచిది.

చేయించాం. మూడు వేల రెండొందలూ ఇచ్చాను, ఒక్క రూపాయి బేరమాడలేదు. ఆ మనిషి వాడిన బుద్ధికి, విప్పి చూపించిన నిజాయితీకి అది ఎక్కువ కాదు. గరగర పోయింది. దడ్‌మనేది ఇంచుమించు పోయింది. కంప్రెసర్ ఆగేటప్పుడు వంటింట్లో నిలబడి వింటే చిన్న కుదుపు తెలుస్తుంది, అత్తయ్యగారి గదిలోకి రావట్లేదు. ఆవిడకి పెరుగు తోడుకునే వేళ తప్ప ఫ్రిజ్ గుర్తుకు రావట్లేదిప్పుడు.

మా అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకున్నాను, ఫోన్లోనే. ఇకమీదట దీనికి కంప్రెసర్ గానీ, లోపలి గ్యాస్ లీకు గానీ వస్తే ఒక్క పైసా పెట్టను, ఆ వారంలోనే కొత్తది. దానికోసం బ్యాంకులో నెలకి వెయ్యి రూపాయల ఆర్‌డీ మొదలుపెట్టాను. అలా కాకుండా ఫ్యానూ రబ్బరూ రిలే లాంటివి పోతే, ఏడాదిలో మొత్తం మూడు వేలు దాటనంత వరకు చేయిస్తాను. ఎంత దాకా పెట్టాలో చెడిపోయిన రోజున కాదు, బాగున్నప్పుడే అనుకోవాలి. చెడిపోయిన రోజున కూరలు పాడైపోతున్న కంగారులో ఎవరేం చెబితే దానికి తలూపుతాం.

కొత్త రబ్బరు కింది మూల ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, కాగితం పెట్టి లాగితే కొంచెం తేలిగ్గానే వస్తోంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి సాగదీసి, రాత్రంతా టేపు వేసి ఉంచమన్నాడు మెకానిక్. అప్పటికీ పట్టకపోతే వచ్చే వారం తనే వచ్చి తలుపు మడతబందు సరిచేస్తానన్నాడు. ఆ పని అయ్యాక ప్లగ్గు మీటరు ఇంకోసారి పెట్టి, వచ్చిన అంకె ఇక్కడే కింద చేరుస్తాను.